పుష్ప కట్టిన చీర, బలగంలో పలికిన గొంతు: జానపదం నుంచి సినిమా ఏమి తీసుకుంటోంది, ఏమి ఇస్తోంది?

నేలటిక్కెట్టు

'పుష్ప 2' మళ్లీ చూశాను. 2024 డిసెంబరులో విడుదలైనప్పుడు జాతర ఘట్టం గురించి మాట్లాడనివారు లేరు. ఆ మాటల్లో నటన ఉంది, నృత్యం ఉంది, ఖర్చు ఉంది. ఆ జాతరకు మూలమైన తిరుపతి గ్రామదేవత గంగమ్మ మాత్రం లేదు. ఆ లోటు నన్ను వదలడం లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఈ అయిదారేళ్లలో తెలుగు సినిమాకు పేరు తెచ్చిన ఘట్టాలను గుర్తుచేసుకోండి. 'బలగం' చివర బుడగ జంగాలనే జానపద గాయకుల పాట. 'భీమ్లా నాయక్' టైటిల్ పాటకు ముందు వినిపించే, కిన్నెర అనే తీగల వాద్యం వాయించే కళాకారుడి గొంతు. 'లవ్ స్టోరీ'లో సారంగ దరియా. 'ఆర్ఆర్ఆర్'లో గోండు వీరుడు. 'కల్కి'లో అశ్వత్థామ. పరాయి సినిమాల నుంచి కథలు ఎత్తుకొస్తున్నారని మన దర్శకులను తిట్టిన కాలం ఒకటుండేది. ఇప్పుడు వాళ్లు సొంత ఊళ్ల వైపు చూస్తున్నారు. అది నాకు నిజంగా సంతోషం. కానీ చూసి తెచ్చుకున్న వస్తువు తెర మీద ఎలా మారుతోంది, దాన్ని తరతరాలుగా మోసినవాళ్లకు ఏమి దక్కుతోంది అన్న ప్రశ్నలు సమీక్షల్లో కనిపించవు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుష్ప జాతర గొప్పగా తీసిన ఘట్టం. అయినా అది గంగమ్మ జాతరను తలకిందులు చేసింది. జాతరలో మగవాడు చీర కట్టేది మగతనాన్ని పక్కన పెట్టడానికి. సినిమాలో హీరో చీర కట్టింది, చీర కట్టినా మగతనం చెక్కుచెదరలేదని చూపడానికి. తిరుపతివాళ్లు ఉంటే మాట్లాడండి.

తాతయ్యగుంట

తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, కాబట్టి నేను చెప్పాలి.

సినిమాలో జాతర ఒక రాత్రి సంబరం. మా జాతర వారం రోజుల కథ. మే నెలలో చాటింపుతో మొదలవుతుంది. చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని పెద్దలు చెబుతారు. కథ మీకు తెలిసే ఉంటుంది. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు ఒకడు. వాణ్ణి చంపడానికి గంగమ్మ పుట్టింది. ఆమె సంగతి తెలిసి వాడు దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం వేసింది. బైరాగి వేషం రోజు ఒంటికి తెల్ల నామం కొమ్ము, బండ వేషం రోజు ఎర్రని కుంకుమ, తోటి వేషం రోజు నల్లని బొగ్గు. చివరకు దొర వేషంలో వస్తే, దొర పిలిచాడనుకుని వాడు బయటికి వచ్చాడు. తల తెగింది. మరునాడు మాతంగి వేషం. సంప్రదాయం ప్రకారం ప్రధాన వేషాలు కైకాల కుటుంబాలవారు కడతారు. ఆ వేషం గడప ముందుకు వస్తే ఇంట్లో ఆడవాళ్లు కాళ్లకు నీళ్లు పోసి హారతి పడతారు. రోజూ పలకరించే మనిషే అయినా, ఆ పూట ఆయన అమ్మవారే.

అవి కాక మొక్కుబడి వేషాలు. మామూలు మగవాళ్లు, కుర్రాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, మల్లెపూలు తురుముకుని గుడికి వస్తారు. భార్యలు, అక్కచెల్లెళ్లు దగ్గరుండి కుచ్చిళ్లు సర్దుతారు. దీనిమీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ ఆచార్యురాలు 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు. జాతర వారంలో లోకమంతా స్త్రీ రూపమవుతుందనేది ఆ పుస్తకం సారం. మేము పుస్తకం చదివి తెలుసుకోలేదు గానీ, మాట నిజం. ఆ వారం ఊళ్లో ఆడవాళ్ల నడకే వేరుగా ఉంటుంది.

సినిమాలో నాకు లోటుగా అనిపించింది ఇదే. అంత పెద్ద జనసందోహంలో ఒక్క ఆడమనిషి కూడా ఆ చీర కుచ్చిళ్లు సర్దుతూ గుర్తుండిపోలేదు. నీలిరంగు, నిమ్మకాయల దండ, ఒక్కడే హీరో. చుట్టూ ఉన్నవాళ్లంతా చూడడానికి వచ్చినవాళ్లు.

రెండో ఆట

మీ ఇద్దరితో విభేదిస్తున్నాను. తాతయ్యగుంట గారు, మీరు చెప్పిన పాలెగాడి కథనే సుకుమార్ తీశారు, ఒకసారి సరిపోల్చి చూడండి. ఆడపిల్లల మీద చెయ్యి వేసే పెత్తందారీ కుర్రవాళ్లు పాలెగాళ్లు కాదా? జాతర మధ్యలో అన్న కూతురిని వేధించినవాళ్లను పుష్ప చీరలోనే కొడతాడు. అంతకంటే ముందు అమ్మవారి ముందు అతను అడిగింది ఏమిటి? ఆడపిల్ల పుట్టాలని. ఇంటిపేరు కోసం రెండు భాగాల పాటు కుమిలిపోయిన మనిషి, కొడుకు వద్దు, కూతురు కావాలని మొక్కుకుంటాడు. తెలుగు మాస్ సినిమాలో ఇది చిన్న విషయమా? హీరో తొడ కొట్టి వంశం పేరు చెప్పే సినిమాలు చూసి పెరిగినవాళ్లం మనం.

ఇంకొకటి. సినిమా జాతరను యథాతథంగా చూపాలంటే డాక్యుమెంటరీ తీయాలి. కథకు కావలసిన ముక్క తీసుకుంటుంది. హరికథ చెప్పేవారూ భాగవతం నుంచి తమకు కావలసిన ఘట్టమే ఎత్తుకునేవారు.

తాతయ్యగుంట

కూతురి మొక్కు మాట బాగా పట్టుకున్నారు రెండో ఆట గారూ, అది ఆ సినిమాలో నాకూ నచ్చిన చోటు. కానీ తేడా ఎక్కడుందంటే, కథలో పాలెగాణ్ణి చంపింది ఆడది. సినిమాలో ఆ పని మళ్లీ మగవాడికే వచ్చింది. వేధింపుకు గురైన పిల్ల చేతికి ఏమీ రాలేదు. బాబాయి వచ్చి కాపాడేదాకా ఏడవడమే ఆమె పాత్ర. గంగమ్మ కథలో అలా ఎవరూ ఎదురుచూడరు.

హరికథ పోలికకు ఒప్పుకోను. హరిదాసు చెప్పే కథ ఊరివాళ్లకు ముందే తెలుసు. ఆయన ఏది వదిలేశాడో వినేవాళ్లు పట్టుకోగలరు. పుష్పను దేశమంతా చూసింది. వాళ్లలో చాలామందికి గంగమ్మ జాతర అంటే ఇక ఆ నీలిరంగే.

మానేరు

పుష్పను కాసేపు పక్కన పెట్టి 'బలగం' గురించి మాట్లాడుకుందాం. నేలటిక్కెట్టు గారి ప్రశ్నకు సమాధానంలో సగం అక్కడుంది.

2023 మార్చిలో వచ్చింది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీశాడు. కథంతా ఒక చావు చుట్టూ తిరుగుతుంది. కొమురయ్య పోయాడు, పిట్టకు పెడితే పిట్ట ముట్టడం లేదు. ఎందుకు ముట్టడం లేదంటే, ఇరవై ఏళ్ల కిందట విందులో ఒక నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర బావకూ బామ్మర్దికీ మాట పట్టింపు వచ్చింది. చదివితే నవ్వొస్తుంది. తెలంగాణ పల్లెలో బంధువుల మధ్య పెరిగినవాళ్లు మాత్రం నవ్వరు. అల్లుడి విస్తరిలో ఏ ముక్క పడింది అన్నది మర్యాదకు సంబంధించిన లెక్క. కూర గిన్నె పట్టుకుని వడ్డించే మనిషికి ఆ లెక్క తెలియాలి.

చివర్లో బుడగ జంగాలు వచ్చి పోయిన మనిషి కథను పాటగా చెబుతారు. ఇక్కడ వేణు చేసిన పని గమనించండి. తెలిసిన నటుల చేత పాడించి పైన డబ్బింగ్ వేయించలేదు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులనే తెర మీద నిలబెట్టాడు. కెమెరా వాళ్ల ముందు కూర్చుంది. ఇంట్లో ఎవరెవరు పోయినాయన్ను ఎలా చూశారో పాట ఒక్కొక్కరి దగ్గరికీ వస్తుంది, ఒక్కొక్కరి తల వంగుతుంది. కథ ముడి విప్పింది హీరో కాదు, ఆ పాట. సంప్రదాయంలో ఆ కళాకారుల పని ఏమిటో సినిమాలోనూ వాళ్ల పని అదే. పుష్పలో జాతర హీరోకు నగ. బలగంలో పాట కథకు వెన్నెముక. నా దృష్టిలో విమర్శకుడు పెట్టుకోవలసిన గీటురాయి ఇది: జానపదాన్ని తీసేస్తే కథ నిలబడుతుందా?

ఊళ్లలో గుడ్డ తెర కట్టి ఊరంతా ఒక్కచోట కూర్చుని చూసిన సినిమా అది. అలా చూడడం మా తాతల తరంతోనే పోయిందనుకున్నాం.

కోటగుమ్మం

మానేరు గారి మాటకు నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటూనే, తరువాత జరిగింది కూడా చెప్పాలి. మొగిలయ్య గారు కిడ్నీల జబ్బుతో చాలాకాలం బాధపడి 2024 డిసెంబరులో కన్నుమూశారు. ప్రభుత్వమూ సినిమావారూ సాయం చేశారు, చేయలేదనను. కానీ చికిత్స కోసం ఎవరో ఒకరు దయ తలచవలసిన స్థితిలోనే ఆయన ఉన్నారు. రాష్ట్రమంతా ఏడ్చింది ఆయన పాట విని.

ఆ పేరే ఉన్న మరొకరు దర్శనం మొగులయ్య గారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినిపించేది ఆయనే. 2022లో పద్మశ్రీ వచ్చింది. కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2024లో హైదరాబాద్ శివార్లలో ఒక కట్టడం దగ్గర ఆయన కూలి పని చేస్తున్న ఫోటో పత్రికల్లో వచ్చింది. సినిమా పాట, పద్మశ్రీ, ప్రభుత్వ ప్రకటన మూడూ ఉన్న కళాకారుడికే ఈ పరిస్థితి. ఇవేవీ లేనివాళ్ల సంగతి ఆలోచించండి.

రెండో ఆట

బాధాకరమే. కానీ ఇది సినిమా మీద వేయవలసిన నింద అవునా? నిర్మాత పిలిచాడు, పాడించుకున్నాడు, పారితోషికం ఇచ్చాడు. ఆ తరువాత మనిషి ఆరోగ్యం, పింఛను ప్రభుత్వం చూడాలి. ఒక చిన్న సినిమా మీద ఇంత బరువు పెడితే రేపు ఏ దర్శకుడూ అసలు కళాకారులను పిలవడు. ఏ గోలా లేకుండా స్టూడియోలో కంప్యూటర్ మీద డప్పు శబ్దం చేయించుకుంటాడు.

వకాల్తా

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి సినిమా పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ, థియేటర్ బయట ఆ పాట వాడుకున్నప్పుడల్లా రాయల్టీలో వాటా ఉంటుంది. దాన్ని వాళ్లు నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. గాయకులకు కూడా వాటా హక్కు వచ్చింది. ఇదంతా రచయిత ఎవరో తెలిసిన పాటకు. తరతరాలుగా నోటికి నోటికి వచ్చిన పాటకు చట్టం దృష్టిలో యజమాని లేడు. ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకుని నాలుగు చరణాలు కొత్తవి చేర్చి, వాద్యాలు కూర్చినవారు ఆ కొత్త రూపానికి హక్కుదారులవుతారు. పాటను నలభై ఏళ్లు గుర్తుపెట్టుకుని పాడిన ముసలమ్మకు ఆ పాట మీద ఏ హక్కూ లేదు.

చేర్యాల నకాశీ బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) అనే చట్టరక్షణ ఉంది. వస్తువు కాబట్టి ఉంది. పాటకు, జాతరకు, వేషానికి అలాంటి రక్షణ ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కాబట్టి ఇప్పటికి మిగిలింది ఒప్పంద పత్రం ఒక్కటే. రికార్డింగుకు పిలిచిన రోజు ఒకేసారి డబ్బు ఇచ్చి సంతకమో వేలిముద్రో తీసుకుంటారా, లేక గాయకుడిగా రాయల్టీ సంఘంలో నమోదు చేయిస్తారా అన్నదే తేడా. రెండోది చేయడానికి నిర్మాతకు పైసా అదనపు ఖర్చు లేదు. ఎవరో ఒకరు దగ్గరుండి కాగితాలు నింపించాలి, అంతే.

ఉద్దానం

వకాల్తా గారు చెప్పింది సారంగ దరియా విషయంలో కళ్లకు కట్టింది. 2021లో ఆ పాట యూట్యూబులో కోట్ల మంది విన్నారు. సుద్దాల అశోక్ తేజ గారు రాశారు, మంగ్లీ పాడింది. ఆ జానపదాన్ని అంతకు ముందే టీవీ కార్యక్రమంలో పాడి జనంలోకి తెచ్చిన కోమలి అనే గాయని తన పేరు కోసం మీడియా ముందుకు రావలసి వచ్చింది. శేఖర్ కమ్ముల గారు స్పందించి ఆమెకు గుర్తింపు ఇస్తామన్నారు, అది ఆయన పెద్దమనసు. కానీ అడిగితేగానీ పేరు రాని పద్ధతి ఏమి పద్ధతి?

మా ఉత్తరాంధ్ర సంగతి ఇంకా అన్యాయం. 'పలాస 1978'లో నక్కిలీసు గొలుసు పాట, 'కోటబొమ్మాళి పీఎస్'లో లింగిడి పాట, రెండూ మా ప్రాంతపు జానపదాలు. మొదటిది టిక్‌టాక్‌లో దుర్గారావు గారి నృత్యంతో ఊరూరా మోగింది. పెళ్లిళ్లలో బ్యాండువాళ్లు ఇప్పటికీ వాయిస్తారు. ఆ పాట శ్రీకాకుళం నేల నుంచి వచ్చిందని పెళ్లికి వచ్చినవాళ్లలో ఎందరికి తెలుసు? సినిమాల్లో మా యాస వినబడితే అది నౌకరు పాత్రకో హాస్య పాత్రకో అన్న రోజుల నుంచి, నాగచైతన్య 'తండేల్'లో మత్స్యకారుడిగా ఆ యాస మాట్లాడే రోజు వచ్చింది. దానికి సంతోషించాను. యాసకు హీరో హోదా వచ్చింది. పాటకు ఇంకా ఊరి పేరు కూడా రాలేదు.

సిల్క్‌బోర్డు

బెంగళూరులో ఉంటాను. పక్క రాష్ట్రంలో జరిగింది చూడండి. 'కాంతార' 2022 సెప్టెంబరు 30న వచ్చింది. కర్ణాటక తీరంలోని తుళునాడులో దైవం వేషం కట్టి ఆడే భూతకోల దాని ప్రాణం. సినిమా వచ్చిన కొద్ది వారాలకే, అరవై దాటిన దైవనర్తకులకు నెలకు రెండు వేల రూపాయల భత్యం ఇస్తామని కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. మొత్తం చిన్నదే. అయినా ఒక సినిమా వల్ల ఒక కళను మోసేవాళ్లు ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చారు. రెండో ఆట గారు ప్రభుత్వం చూడాలన్నారు కదా, సినిమా గట్టిగా మాట్లాడితే ప్రభుత్వం కదులుతుందనడానికి ఇది నిదర్శనం.

దీనికి రెండో వైపూ ఉంది. ప్రేక్షకులు థియేటర్లలో దైవం వేషం వేసుకుని గెంతడం మొదలుపెట్టారు. అలా చేయవద్దని సినిమా బృందమే వేడుకోవలసి వచ్చింది.

కెరమెరి

'ఆర్ఆర్ఆర్' పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది ఆసిఫాబాద్ జిల్లా. కొమురం భీమ్ ఇక్కడివాడు. జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి ఆయన వర్ధంతి జరుగుతుంది. 1940లో నిజాం బలగాల తూటాలకు అక్కడే నేలకొరిగాడు.

కల్పిత కథ అని రాజమౌళి గారు ముందే చెప్పారు. ఆంగ్లేయుల మీద పోరాడాడని చూపినా, అల్లూరితో స్నేహం కలిపినా నాకు అభ్యంతరం లేదు. కొరడా దెబ్బల పాటలో ఎన్టీఆర్ నటన చూసి మా ఊళ్లో ముసలివాళ్లు కూడా కంటతడి పెట్టారు. నా బాధ చివరి ఘట్టం గురించి. నీకేమి కావాలని రామ్ (సినిమాలో అల్లూరి) అడిగితే, భీమ్ చదువు కావాలంటాడు. 'జల్ జంగల్ జమీన్' (నీరు, అడవి, భూమి) అని జెండా మీద రాసేది రామ్. భీమ్ జీవితం గురించి మేము విన్న కథల్లో, చాందాలో (నేటి చంద్రపూర్) విఠోబా అనే ముద్రాపకుడి దగ్గర ఉన్న రోజుల్లోనే ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడు. నిజాం పాలనకు ఎదురుగా అడవి మీద హక్కు అడిగిన నినాదం ఆయన పేరుతోనే నిలిచింది. ఆ నినాదాన్ని ఆయన చేతి నుంచి తీసి మరొకరి కలానికి ఇచ్చి, మళ్లీ ఆయనకే కానుకగా ఇప్పించారు. ఆస్కార్ వేదిక దాకా వెళ్లిన సినిమా కదా, ప్రపంచం చూసిన గోండు వీరుడు అక్షరం కోసం అడుగుతున్నవాడు. విదేశీ విమర్శకుల్లో కొందరు దీన్ని పట్టుకున్నారు. మన పత్రికల్లో ఎక్కువగా వచ్చింది స్టెప్పుల గురించే.

డల్లాస్ తెలుగు

కెరమెరి గారి వ్యాఖ్య చదివి చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ మా పిల్లలకు తెలుగు నేల అంటే ఈ సినిమాలే. మెల్‌బోర్న్‌లో క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి అర్ధసెంచరీ కొట్టి బ్యాటును గడ్డం కింద పుష్పలా తిప్పినప్పుడు మా అబ్బాయి సోఫా మీదినుంచి ఎగిరాడు. ఆ గర్వాన్ని నేను తక్కువ చేయను. పరాయి దేశంలో అదొక బలం. అందుకే సినిమా తప్పుగా చెబితే మాకు నష్టం ఎక్కువ. సరిదిద్దడానికి పక్కన తాతలు, నానమ్మలు లేరు.

ఎవరూ మాట్లాడని ఒక మంచి ఉదాహరణ చెబుతాను. 'కల్కి 2898 ఏడీ'లో ఎడారి యుద్ధాలు, వాహనాలు చూసి హాలీవుడ్ సినిమాల నకలు అన్నారు. ఆ పోలికలు ఉన్నాయి. కానీ అశ్వత్థామ పాత్ర చూడండి. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసి శాపం పొందినవాడు, ఆరు వేల ఏళ్ల తరువాత ఒక గర్భాన్ని కాపాడడానికి లేస్తాడు. చేసిన పాపం ఏదో, ప్రాయశ్చిత్తం సరిగ్గా అక్కడే. భారతంలో లేని కథే, కానీ భారతాన్ని లోతుగా చదివిన ఊహ. మార్చడం తప్పు కాదు, అర్థం తెలుసుకుని మార్చాలి. నాగ్ అశ్విన్ తెలుసుకుని మార్చారు.

నిర్వాహకుడు

వసూళ్ల లెక్కలు, అభిమాన సంఘాల వాదనలతో వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తొలగించాను. వాటికి వేరే విభాగం ఉంది. దయచేసి విషయం మీదే మాట్లాడండి.

నేలటిక్కెట్టు

అందరికీ కృతజ్ఞతలు. మానేరు గారి గీటురాయి నాకు బాగా పనికొస్తుంది. జానపదం తీసేస్తే కథ నిలబడుతుందా అని అడిగితే పుష్ప నిలబడుతుంది, బలగం నిలబడదు. కల్కిలో అశ్వత్థామను తీసేస్తే మిగిలేది వాహనాలే. ఆర్ఆర్ఆర్‌కు మాత్రం ఆ ప్రశ్న చాలదు. భీమ్ లేకుంటే కథే లేదు, అయినా కెరమెరి గారు చెప్పిన అన్యాయం జరిగింది.

నా వైపు నుంచి ఒక అడుగు. వకాల్తా గారు చెప్పిన కాగితాల పని, ఉద్దానం గారు అడిగిన ఊరి పేరు, ఈ రెండింటినీ ఇకనుంచి నా ప్రతి సమీక్షలో చూస్తాను. సినిమాలో జానపద గీతం ఉంటే, టైటిల్స్‌లో అది ఏ ప్రాంతానిదో, ఎవరి నోట విని తీసుకున్నారో వేశారా లేదా అని రాస్తాను. బలగంలో పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారం వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. ఆ వెలుగు కొమురమ్మ గారి ఇంటి దాకా వెళ్లాలి. సమీక్షకులు అడగడం మొదలుపెడితే నిర్మాతలు సమాధానం చెప్పక తప్పదు.

రెండో ఆట

పేర్లు వేయాలన్న మాటకు నేనూ సంతకం పెడతాను. భీమ్ గురించి కెరమెరి గారు చెప్పినదాని మీద నాకు జవాబు లేదు. కానీ పుష్ప జాతర విషయంలో నా మాట మారదు. ఆడపిల్ల కోసం మొక్కుకున్న మాస్ హీరోను నేను తేలికగా వదులుకోను.

తాతయ్యగుంట

వదులుకోవద్దు, కానీ ఒకసారి మా ఊరు రండి. మే నెలలో చాటింపు పడగానే ఇక్కడ రాస్తాను. దొర వేషం రోజుకు వస్తే పాలెగాడి తల తెగడం కళ్లారా చూడవచ్చు, మరునాడు మాతంగి మా వీధిలోకి వస్తుంది. భోజనం మా ఇంట్లోనే. తిన్నాక మళ్లీ వాదించుకుందాం.